ఓస్టర్‌వాల్డ్ గారి మద్దతు

గడ్డం మాత్రం బాగుండేది ఆయనకి, దువ్విన ఉన్నిలా ఛాతీ మీద పరుచుకుని, ఇప్పుడదే గడ్డం పత్రికలో నల్లగీతల మధ్య అచ్చయి ఒళ్ళో ఉంది, మహారచయిత ఓస్టర్‌వాల్డ్ కన్నుమూత, చెర్రీ గింజలు తీస్తున్న వాల్‌బుర్గ ఆ బొమ్మ మీద రసం పడకుండా పత్రికను పక్కకి జరిపింది, ఎదురు బల్ల మీద తోటల కాలనీ కార్యదర్శి లూడెకె ఇంకా చెబుతూనే ఉన్నాడు, సభామందిరంలో ఆయన పటం పెడదామండీ, కింద మన ఉద్యమ మిత్రుడు అని రాయిద్దాం, అంత పెద్దాయన పేరుంటే బెర్లిన్‌లో మన మాట చెవికెక్కుతుంది, అప్పట్లో ఆయన్ని కలిసినవాళ్ళలో మిగిలింది మీరొక్కరే, మీరు ఔనంటే చాలు, చాలట, ఆ ఔను కోసమే కదా ముప్పై ఏళ్ళ కిందట తనూ మొగుడు అన్సెల్మూ ఆదివారం బట్టలేసుకుని రైలెక్కింది, ఎంత బాగున్నాడు ఆ రోజు, తమ్ముడి దగ్గర అడిగి తెచ్చుకున్న నల్లకోటు, పుస్తకాలు బైండు చేసే చేతులు, ఎంత తోమినా గోళ్ళ సందుల్లో జిగురు, దారంతా పెదవులు కదుపుతూ ఉపన్యాసం వల్లెవేసుకుంటున్నాడు, ఇల్లు నీది, ఇంటి కింద మట్టి అందరిదీ, దాన్ని అమ్మడానికి లేదు, దాని మీద అద్దె పెంచడానికి లేదు, వంటింట్లో వినీ వినీ ఆమెకి విసుగెత్తిన మాటలే, ఇసుక నేల కొని ఆపిల్ తోటలు వేస్తారట, నలుగురు పిచ్చివాళ్ళు చేరారు అనుకునేది, ఒక్క పెద్ద పేరు దొరకాలి వాలీ, జనం వాళ్ళే వస్తారు, అనేవాడు అన్సెల్మ్, దొరక్కపోతేనో, అంది తను, దొరక్కపోతే ఈ పిచ్చి వదిలి మళ్ళీ మామూలు మనిషవుతాడేమోనని లోపల్లోపల ఆశ కూడా.

ఆ పెద్దాయన ఇంట్లో వెలుతురు ఎంతుందో, నేల మీద ఎండ పరుచుకుని, బల్ల మీద ప్లమ్ కేకు, ఓస్టర్‌వాల్డ్ గారు చెప్పండి నాయనా అనగానే అన్సెల్మ్ వల్లెవేసినదంతా మర్చిపోయాడు, కేకు వంక చూశాడు, చివరికి, మాది వెనక వాకిట్లో నేలమాళిగ గదండీ, అన్నాడు, గోడంతా చెమ్మ, మంచం గోడకి ఆనించకపోతే చోటు చాలదు, గోడ పక్కన మా లోట్టె పడుకునేది, చలికాలంలో దగ్గు పట్టుకుంది, గోడ బాగుచెయ్యమని ఇంటాయన్ని అడిగితే నచ్చకపోతే ఖాళీ చెయ్యమన్నాడు, నేను నోరుమూసుకున్నానండీ, మళ్ళీ వసంతానికి పిల్ల లేదు, లోట్టె, పాతిపెట్టి వచ్చినప్పటినుంచి ఆ పేరు అతని నోట ఆమె వినలేదు, రాయి అనుకుంది, ఏళ్ళ తరబడి ఆ రాయి పక్కనే పడుకుంది, ఉద్యమం, సభలు, కరపత్రాలు అంటూ తిరుగుతుంటే పిల్లని మర్చిపోవడానికి అనుకుంది, మర్చిపోవడానికి కాదు, ఇదా లోపల మోస్తున్నది, చేతిలో కప్పు పట్టుకుని కాఫీ తాగడం మర్చిపోయి అతని వంకే చూసింది.

ఓస్టర్‌వాల్డ్ గారు కళ్ళు తుడుచుకున్నాడు, నిజంగానే, చనిపోయినాయన మీద అబద్ధం ఎందుకు, ఆమె చెయ్యి ముద్దుపెట్టుకుని, నా పేరు నా ఒక్కడిదీ కాదమ్మా, దాని మీద చాలామంది బతుకుతున్నారు, ఆలోచించి కబురు పెడతాను అన్నాడు, కబురు రాలేదు, స్టేషను దారిలో అన్సెల్మ్ కరుస్తున్న బూట్లు విప్పి చేత్తో పట్టుకున్నాడు, అంతా పాడుచేశాను వాలీ, అంత మంచి ఉపన్యాసం ఒక్క ముక్క గుర్తు రాలేదు, ఆమె పక్కనే నడుస్తూ, ఆ ఇసుక నేలలో ఇల్లు కడితే పడకగదికి కిటికీ ఎటు పెడతావు, అని అడిగింది, అతను ఆగిపోయాడు, దక్షిణానికి, అన్నాడు, పొద్దుటి నుంచీ ఎండ ఉంటుంది, ఆ నెలలోనే సామాను కట్టారు.

ఏమంటారండీ, లూడెకె మళ్ళీ అడిగాడు, పటం వద్దు నాయనా, ఆయన మంచివాడే, కేకు పెట్టాడు, ఏడ్చాడు, ఔను మాత్రం అనలేదు, అంది వాల్‌బుర్గ, అయితే అంత దూరం వెళ్ళింది ఉత్తదేనా అని లూడెకె చిన్నబుచ్చుకున్నాడు, ఉత్తదే, అనబోయి ఆగింది, అన్సెల్మ్ కూడా పోయేదాకా అదే అనుకున్నాడు, ఆ రోజు వట్టి చేతులతో తిరిగొచ్చానని, తనైనా వేరేగా ఎప్పుడనుకుంది గనుక, ఇప్పుడు చూస్తే అతని మాటలు ఆ గదిలో ఒక మనిషిని కదిలించి లేవదీశాయి, పక్క కుర్చీలో కప్పు పట్టుకుని కూర్చున్న మనిషిని, ఇసుక నేలకి తను వచ్చింది మొగుడి వెంట కాదు, అతని మాట నమ్మి.