ఛాయిస్‌లో వదిలేసిన ప్రశ్నలు

పరాయి దేశంలో చదువుకున్న ఆ రెండేళ్ళు తలచుకుంటే ఆమెకు మొదట గుర్తొచ్చేది క్లాసు కాదు, కాలేజీ క్యాంటీన్ వంటగది. మాస్టారి కంట పడకుండా మూడు వారాలపాటు ఆమె రాకపోకలన్నీ ఆ దారినే.

దానికి కారణం ఓ పరీక్ష కాగితం. వందకు యాభై వచ్చాయి. అక్కడ అరవై వస్తేనే పాస్. తప్పితే చదువూ ఉండదు, ఆ దేశంలో ఉండే అనుమతీ ఉండదు. మార్కుల కింద మాస్టారు ఎర్ర సిరాతో ‘నన్ను కలవండి’ అని రాశారు. ఆమె చదివొచ్చిన చోట ఆ మాటకు అర్థం ఒకటే: నాన్నను వెంటబెట్టుకు రమ్మని. నాన్నను ఎక్కణ్ణించి తేగలదు?

“ఏంటే, రోజూ పిల్లిలా నా గిన్నెల మధ్య నుంచి పోతున్నావు?” అంటూ ఓ గురువారం వంటావిడ చెయ్యి పట్టుకుని ఆపింది. ఆ ఊళ్ళో ఆమె ‘పిన్నీ’ అని పిలుచుకునే మనిషి ఆవిడొక్కతే.

ఆమె అంతా చెప్పింది. చెబుతూ ఏడ్చింది.

“మార్కులు ఆఫీసుకి ఎప్పుడు పంపుతారు?”

“రేపే, పిన్నీ.”

“రేపు పెట్టుకుని ఇవాళ నా ఉల్లిపాయల దగ్గర ఏడుస్తావా? ఇదిగో, ఆయన టీ. నువ్వే పట్టుకెళ్ళు. ఒలికిందో, చెప్తా నీ సంగతి!”

మాస్టారు టీ వంక చూడనే లేదు.

“హమ్మయ్య, వచ్చావా! నా మీద కోపమొచ్చిందేమో అనుకున్నానమ్మా. ఐదింటికి పూర్తి మార్కులు, మిగతా ఐదూ ముట్టుకోలేదు. ఏం, ఆ రోజు ఒంట్లో బాగాలేదా?”

“అవి ఛాయిస్‌లో వదిలేశానండీ.”

“అంటే?”

“మా దగ్గర పదిస్తే ఐదు రాస్తే చాలండీ.”

ఆయన కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకునేదాకా నవ్వారు. “ఇక్కడ పదీ రాయాలి తల్లీ!” అని తెల్లకాగితాలు ముందుకు తోశారు. “కూర్చో. వేరే ఐదు ఇస్తాను. గంట టైము.”

ఆ ఐదు ప్రశ్నల్లో ఒక్కటీ ఇప్పుడామెకు గుర్తు లేదు. ఎనభై రెండు మార్కులతో గట్టెక్కడమూ లీలగానే గుర్తు. కళ్ళకు కట్టినట్టుండేది మాత్రం పిన్నే. ఖాళీ కప్పు కోసం చేతిలో గరిటెతోనే వచ్చిన మనిషి గుమ్మానికి అడ్డంగా నిలబడి, “తర్వాత రండి, మా పిల్ల పరీక్ష రాస్తోంది” అని వచ్చినవాళ్ళందర్నీ వెనక్కి పంపేసింది.

ఆ పూట క్యాంటీన్‌లో అందరూ మాడిన కూరే తిన్నారు.