ఆకాశం కన్నా పాత రాయి

“చెయ్యి కడుక్కున్నావా?”

కాయితాలు ముట్టుకోనిచ్చే ముందు నరసింగరావు అడిగే మాట అది. రెండు చేతుల సంగతీ కాదు, కుడి చేతి సంగతి. తాయారు చెయ్యి కొంగుకి తుడుచుకుని చాపితే గోళ్ళ సందులు కూడా చూసేవాడు. పొద్దున్నుంచి ఆ చేత్తో ఆమె పేడ ఎత్తింది, పొయ్యి అలికింది, అంబలి కాచింది, అత్త సుభద్రమ్మ మోకాళ్ళకి ఆముదం రాసింది. ఇప్పుడు అదే చెయ్యి ముత్యాల్లాంటి అక్షరాలు కూర్చాలి. నరసింగరావు శ్రీకాకుళం హైస్కూల్లో సైన్సు మాస్టారు. “విశ్వం పుట్టుక” అని పుస్తకం రాస్తున్నాడు. పోస్టులో వచ్చే ఇంగ్లీషు పత్రికలు చదివి తెలుగులో కోడి కెలికినట్టు గీస్తాడు. దాన్ని సాపు రాసేది తాయారు. విజయనగరంలో అచ్చు వేసే ఆయన ఆ సాపు ప్రతులు చూసి, మాస్టారి దస్తూరీ ఎంత బాగుందండీ అని మెచ్చుకుంటూ ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరాన్ని నరసింగరావు బళ్ళో పదిమందికీ చూపించాడు.

పెళ్ళయిన ఏడేళ్ళలో తాయారు ఎడమ చెయ్యి మూడుసార్లు వాచింది. ఒకసారి చిటికెన వేలు విరిగి వంకరగానే అతుక్కుంది. కుడి చెయ్యి ఒక్కసారీ వాచలేదు. ఎంత కోపంలో ఉన్నా నరసింగరావు ఆ చేతి జోలికి పోడు. చాలాకాలం తాయారు దాన్ని దయ అనే అనుకుంది.

ఆమె అతనికి రెండో భార్య. మొదటామె భాగ్యవతి జ్వరంతో పోయిందని చెప్పారు. ముత్తైదువుగా పోయింది గనక ఆ ఇంటికి పేరంటాలైంది. నడవలో ఆమె పేర ఒక గూడు, గూట్లో పసుపు పూసిన కుండ, ఏటేటా ఆమె పోయిన రోజున కొత్త కోకా గాజులూ పెట్టడం. ఆ గూటిని చూపిస్తూ సుభద్రమ్మ ఏడేళ్ళుగా చెప్పే మాట ఒకటే. “మావోడు ఆవులాటోడే. ఈ మాలచ్చి నాలుగేళ్ళు కాపరం సేసినాది, ఒక్క దెబ్బ తిన్నాదా? నోరున్నదానివి నువ్వొచ్చేకే ఆడికి సెయ్యి లెగిసింది.” ఇరుగూ పొరుగూ కూడా అదే అనేవారు. పుట్టింటి వాళ్ళు కూడా, నీ నోరు అదుపులో పెట్టుకోవే అనే పంపించారు. అందరూ ఒక్క లెక్కే కట్టి చెబుతుంటే అది తప్పని ఎలా అనుకుంటుంది? తాయారు కూడా ఆ లెక్కే కట్టుకునేది. దెబ్బ తిన్న ప్రతిసారీ వెనక్కి పోయి తాను అన్న మాట ఏదో వెతుక్కునేది. పప్పులో ఉప్పు ఎక్కువైతే పర్లేదులే అనడం, అతను నిద్ర పోతుంటే చెంబు జారవిడవడం, రాసిన కాయితం మీద సిరా ఒలికిందని తనే ముందుగా చెప్పెయ్యడం. వెతికితే ఏదో ఒకటి దొరక్కపోదు. దొరికిన రోజు మనసు కొంచెం కుదుటపడేది కూడా. ఆ ఒక్కటీ సరిచేసుకుంటే చాలు కదా అని.

సిరా ఒలికిన రోజున అయిదో నెల. నడుం మీద తన్నాడు. రెండు రోజులకి కడుపు పోయింది. అంతకు ముందు ఒకటి అలాగే పోయింది. పేరంటాలికి కోపమొచ్చిందని సుభద్రమ్మ తేల్చింది. ఇప్పుడు మళ్ళీ నాలుగో నెల. నెల తప్పిందని తెలిసిన రోజే సుభద్రమ్మ, “పిల్ల పుట్టీదాకా నోరు మూసుకో. నువ్వు పలక్కపోతే ఆడెందుకు కొడతాడు?” అంది. పేరంటాలిని శాంతింపజెయ్యడానికి ఈ ఏడు కోకా గాజులూ ఆమె పుట్టింటి నుంచే తెప్పించాలని, శ్రీముఖలింగం పక్క పల్లెలో ఉన్న భాగ్యవతి వాళ్ళకి కబురు కూడా పెట్టింది. ఎనిమిదేళ్ళుగా ఆ గడప తొక్కని వాళ్ళు, వస్తామన్నారు.

తాయారు నోరు మూసుకుంది. నలభై రోజులు, అవును, కాదు తప్ప మాట్లాడలేదు. దెబ్బలూ పడలేదు. లెక్క సరిపోయినట్టే ఉంది.

అప్పుడొచ్చి పడింది ఆ ఆరో ప్రకరణం.

నాలుగో ప్రకరణం చుక్కలది. ఆకాశంలో మబ్బు మరకల్లా కనిపించే నీహారికలు ఒకదానికొకటి దూరంగా పరుగెడుతున్నాయనీ, ఎంత దూరంలో ఉన్నది అంత జోరుగా పోతోందనీ పెద్ద పెద్ద దూరదర్శినుల్లో చూసిన దొరలు కనిపెట్టారు. తాయారుకి అది చిటికెలో బోధపడింది. సంత విడిచాక మనుషులు నలుదిక్కులా పోతారు. జోరుగా నడిచేవాడు ఊరు దాటి ఉంటాడు, కుంటివాడు సంత పక్కనే ఉంటాడు. వాళ్ళ నడకా దూరమూ తెలిస్తే సంత ఎప్పుడు విడిచిందో ఇంట్లో కూర్చుని చెప్పొచ్చు. అలా వెనక్కి కడితే విశ్వం మొదలై రెండువందల కోట్ల ఏళ్ళయిందని తేలింది. ఆరో ప్రకరణం రాళ్ళది. కొన్ని రాళ్ళలో యురేనియమనే లోహం మెల్లగా సీసంగా మారుతూ ఉంటుందట. నీళ్ళ కాగు అడుగున పేరిన సున్నం పెచ్చు చూసి కాగు ఎన్నాళ్ళదో చెప్పినట్టు, ఆ సీసాన్ని చూసి రాయి వయసు చెబుతారు. కొత్త పత్రికలో ఆ లెక్క వచ్చింది. భూమికి మూడువందల కోట్ల ఏళ్ళు.

తాయారు కలం ఆపింది. వెనక్కి వెళ్ళి నాలుగో ప్రకరణం చూసింది. మళ్ళీ ఆరోది చూసింది. ఆకాశం పుట్టకముందే ఆకాశంలో ఉన్న భూమి పుట్టిందా? రెండూ అతని దస్తూరీలోనే ఉన్నాయి. రెంటినీ తెలుగు చేశాడు గాని, రెంటినీ పక్కపక్కన పెట్టి చూసుకోలేదు.

రెండు రోజులు పళ్ళ బిగువున ఊరుకుంది. ఆదివారం విజయనగరం లైబ్రరీ సభలో అతను ఇవి చదువుతాడు, ఎవరో ఒకరు లేచి అడుగుతారు, నవ్వుతారు. అది తన తప్పే అవుతుంది, సాపు రాసిన చెయ్యి తనది గనక. మూడోనాటి పొద్దున బడికి వెళ్ళబోతున్నవాడికి రెండు కాయితాలూ చూపించి చెప్పింది. వీలైనంత మెల్లగానే చెప్పింది.

నరసింగరావు మొదట ఆమె తప్పు రాసిందన్నాడు. తన చిత్తు ప్రతి తీసి చూసుకున్నాడు. మెడ ఎర్రబడింది. రాయి వయసు వంద కోట్లని దిద్దమన్నాడు.

“రాయి అబద్ధమాడదు గదా” అంది తాయారు. అన్నాక గాని తాను అన్నానని ఆమెకి తెలియలేదు. “చుక్కల దూరమే ఎక్కడో తప్పు కొలిసేరేమో.”

అతను కేకలెయ్యలేదు. ఆమె ఎడమ చెయ్యి పట్టుకుని బల్ల మీద పరిచాడు, అరచెయ్యి కిందికి. బళ్ళోకి తీసుకెళ్ళే నల్ల రూళ్ళకర్ర తీశాడు. మొదటి దెబ్బకి ఆమెకి చప్పుడే వినిపించింది, నొప్పి తెలియలేదు. రెండో దెబ్బకి కణుపులు పగిలాయి. మూడోదీ నాలుగోదీ పడుతుంటే, “దొరలు తప్పు, నేను తప్పు, నువ్వు ఒప్పు, అంతేనా?” అని పాఠం అప్పజెప్పించుకున్నట్టు అడిగాడు. ఆమె చెయ్యి లాక్కుని నేల మీద ముడుచుకుపోయింది, మోకాళ్ళు కడుపుకి అడ్డం పెట్టుకుని. తన్ను వీపు మీద పడింది. మళ్ళీ వీపు మీదే పడింది. మూడో తన్నుని ఆమె కావాలని పక్కకి తిరిగి తొడ మీద తీసుకుంది. సుభద్రమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి, “ఒరే, కడుపుతో ఉన్నాదిరా” అంది గాని గుమ్మం దిగలేదు.

అతను తల దువ్వుకున్నాడు. సాయంత్రానికి ఆ కాయితం కావాలన్నాడు. “కుడి చెయ్యి బాగానే ఉన్నాది కదా” అని రూళ్ళకర్ర చంకన పెట్టుకుని బడికి పోయాడు.

ఆ రోజే పేరంటాలి రోజు. మధ్యాహ్నానికి ముందే, బాడుగకి తోలే అప్పలసూరి బండి వాకిట్లో ఆగింది. భాగ్యవతి చెల్లెలు గౌరి దిగింది. పాతికేళ్ళుంటాయేమో, ఎండకి కమిలిన ముఖం, చేతిలో గంప, గంపలో పసుపు కోక, మట్టి గాజులు. నవ్వలేదు, కూర్చోమన్నా కూర్చోలేదు. గూటి ముందు దీపం పెట్టి కోక ఆన్చి, ఆనవాయితీ ప్రకారం ఆ కోకని తాయారుకి ఇచ్చింది. ఆమె ఒంటిచేత్తో చుట్టుకుని వచ్చాక గాజులు తొడగడానికి గౌరి ఎదురుగా కూర్చుంది. పుట్టింటి ఆడది తన చేత్తో రెండో ఆమెకి గాజులు తొడిగితేనే పేరంటాలు ఈమెని తన తోబుట్టువుగా ఒప్పుకున్నట్టు.

కుడి చేతికి గాజులెక్కాయి. ఎడమ చెయ్యి తాయారు కోక కిందే దాచింది. గౌరి చెయ్యి చాపి అడిగింది. తప్పక ఇచ్చింది. బొప్పి కట్టి, నల్లబడి, కణుపుల మీద నెత్తురు ఆరిన చెయ్యి. ఏ గాజూ ఎక్కదు.

“తలుపు సందులో పడిపోనాది” అంది సుభద్రమ్మ.

గౌరి ఆ చేతిని వదల్లేదు. “మా అప్పకీ తలుపు సందులోనే పడ్డాదని సెప్పేరు” అంది. “రెండు సేతులూ.”

తాయారు తన కుడి చేతికేసి చూసుకుంది.

“ఈ సెయ్యి కొట్టడు” అంది గౌరితో. ఎందుకు చెప్పిందో ఆమెకే తెలియదు.

“ఎందుకు కొట్టడు?”

“రాతకి గావాల.”

“మా అప్పకి రాత రాదు” అంది గౌరి.

తరవాత ఆమె ఏడవకుండా చెప్పుకుపోయింది. పీనుగుని కడిగింది అమ్మా తనూ. అప్పుడు తనకి పదహారేళ్ళు. జ్వరమన్నారు గాని తొడలంతా నెత్తురు గడ్డకట్టి ఉంది. ఆరో నెల. వీపు మీద చెప్పుకాలి మచ్చ ఎంత స్పష్టంగా ఉందంటే మేకులు లెక్కపెట్టొచ్చు. అమ్మ అరవబోతే అయ్య నోరు మూశాడు. రెండో పిల్లకి పెళ్ళి కావాలి కదా, ఊళ్ళో గోల అయితే ఎవడు చేసుకుంటాడు? “ఆ రెండో పిల్లని నానే. నా పెళ్ళి కోసం మా అప్పని పేరంటాల్ని సేసి గూట్లో పెట్టీసేరు. మా అయ్య మొన్న పోయేడు. అందుకే వొచ్చేను.”

సుభద్రమ్మ గూట్లో కుండకి పసుపు రాస్తూనే ఉంది. అంతకుముందు రాసిన చోటే మళ్ళీ రాస్తోంది. “పేరంటాలి ముందట ఏటీ మాటలు” అంది. కాసేపటికి, ఎవరూ అడక్కుండానే, “అప్పుడాడిది సిన్నతనం” అంది.

ఆ ఒక్క మాటతో అయిపోయింది. తాయారుకి కోపం రాలేదు. అంతకన్నా వింతగా ఏదో అయింది, ఏడేళ్ళుగా మోసిన మూట ఎవరో వెనకనుంచి లాగేస్తే ముందుకి తూలిపడినట్టు. ఉప్పు కాదు. చెంబు కాదు. సిరా కాదు. తన నోరు పుట్టకముందు, తను ఈ గడప తొక్కకముందు, నాలుగేళ్ళ పాటు ఈ ఇంట్లో అదే చెయ్యి, అదే కాలు. నోరు లేని మాలచ్చి రెండు చేతులూ విరగ్గొట్టించుకుని పోయింది. తను మాట్లాడకపోవడం వల్ల కాదు నలభై రోజులు దెబ్బలు పడనిది, అతనికి పుస్తకం గొడవలో తీరిక లేక. ఇంటిల్లిపాదీ మొదలు ఇక్కడని గీత గీసి, ఆ గీత దగ్గర తనని నిలబెట్టారు. గీతకి అవతల సాక్ష్యం ఉంటే, ఆ సాక్ష్యాన్ని కాదు దిద్దవలసింది, గీతని. కడుపులో బిడ్డ ఆమె మౌనం వల్ల బతకదు. ఇంకో రెండు నెలలు ఆగితే గూట్లో రెండో కుండ.

ఆమె లేచింది. బల్ల మీద రాళ్ళ కాయితం మూడువందల కోట్లతోనే ఉంది. దాన్ని ముట్టుకోలేదు. కలం, సిరాబుడ్డి, నాలుగు తెల్ల కాయితాలు తీసుకుని గౌరి గంపలో పెట్టింది.

“ఎక్కడికే?” అంది సుభద్రమ్మ.

“విజినారం. మా పిన్ని పార్వతీదేవి దగ్గిరికి.” ఆ పిన్ని ఆడపిల్లల బళ్ళో పంతులమ్మ. మొగుణ్ణి వదిలేసిందని ఇంట్లో ఎవరూ ఆమె పేరెత్తరు.

“ఆడు సంపేస్తాడే నిన్ను.”

“ఉంటే సంపుతాడత్తా” అంది తాయారు.

గౌరి వచ్చిన బండిలోనే ఇద్దరూ నాగావళి వంతెన దాటారు. బండి కుదుపుకి చెయ్యి పోటు పెట్టినప్పుడల్లా తాయారు పొట్ట మీద కుడి చెయ్యి వేసి చూసుకుంది. నెత్తురు లేదు. ఆమదాలవలస స్టేషన్లో రైలుకి ఇంకా గంటుంది. ప్లాట్‌ఫారం నిండా ధాన్యం బస్తాలు. ఒక బస్తా మీద తాయారు కూర్చుని, గంప బోర్లించి దాని మీద కాయితం పరిచింది. ఎడమ చెయ్యి పనికిరాదు గనక కాయితం ఎగరకుండా గౌరి రెండు మూలలూ అదిమి పట్టుకుంది. ఫిర్యాదు విజయనగరంలో మేజిస్ట్రేటుకి ఇద్దామనీ, శ్రీకాకుళంలో ఇస్తే అక్కడ అందరూ మాస్టారి శిష్యులేననీ తాయారు చెప్పింది. నువ్వు చెప్పు, నేను రాస్తాను, కింద నీ వేలిముద్రా నా సంతకమూ అంది.

“ఎక్కడ్నించి సెప్పమంటావప్పా?” అంది గౌరి. తాయారుని అప్ప అని పిలవడం అదే మొదలు.

తాయారు కలం సిరాలో ముంచింది.

“నాకన్నా ముందు నుంచి.”