అప్పగించిన ఓటు

“మీటింగు కెమెరాలో కనిపించేంత వరకు చాలు, కిందంతా ఇస్త్రీ ఎందుకు దండగ,” అన్నాడు భర్త. ఆమె అతని చొక్కా కాలరు మీద పెట్టె ఆనించింది. అతని లెక్క ఎప్పుడూ ఇంతే. పైకి కనిపించేదే సరుకు, మిగతాదంతా గోనెసంచి.

సాయంత్రంతో ‘అరుగు’లో ఓటింగు ముగుస్తుంది. అరుగు, పెళ్లైన కొత్తలో ఇద్దరూ చేరిన సోషల్ మీడియా. దానికి యజమాని లేడు, బ్లాక్‌చెయిన్ మీద నడుస్తుంది. ఏ మార్పు రావాలన్నా సభ్యులే ఓటెయ్యాలి. అక్కడ ఎవరెంత పనిచేసి పేరు కూడబెట్టుకుంటే వాళ్ల ఓటుకంత బరువు. ఎవరి ఓటు ఎటు పడిందో అందరికీ కనిపిస్తుంది, దాన్ని చెరపడం ఎవరి తరమూ కాదు.

అక్కడ అతను డెవలపర్ల పెద్ద. ఆమె కాపలాదారు. బూతులూ, బెదిరింపులూ, దొంగ ఫోటోలూ ఏరి పారేసే పని. ఆ చెత్తంతా ముందు ఆమె కళ్లలోంచి వెళ్లాకే మిగతావాళ్లకు అరుగు శుభ్రంగా కనబడేది. కాపలాదారులను తీసేసి ఆ పని ఒక ప్రోగ్రాముకు ఇవ్వాలన్నది ఇవాళ్టి ప్రతిపాదన. పెట్టింది భర్తే.

ఫోను మోగింది. ఆమెతోపాటు కాపలా కాసే నర్సు.

“అక్కా, నిన్నగాక మొన్న నా మార్ఫింగ్ ఫోటోలు పట్టుకున్నది మీరే కదా. మీరు కూడా మమ్మల్ని తీసెయ్యమనే వేశారా?”

“నేనింకా వెయ్యనేలేదే!”

“మీ బరువు అటే పడిందక్కా. చూసుకోండి.”

చూసుకుంది. అప్పుడు గుర్తొచ్చింది. పాప పుట్టినప్పుడు, “నీకు కళ్లు తెరిచే ఓపికే లేదు, నీ ఓటు నాకప్పగించు, నేను చూసుకుంటా,” అన్నాడు. పడుకునే ఒక్క నొక్కు నొక్కింది. పాప ఇప్పుడు బడికెళుతోంది. అతను వేసిన ప్రతి ఓటు కిందా ఈమె బరువు పడుతూనే ఉంది.

“నా ఓటు కూడా వేసేశారా?”

“వెయ్యడమేంటి, నాది పడితే నీదీ పడినట్టేగా. నీకే పని తగ్గుతుంది, సంతోషించు.”

“నన్నడగలేదు.”

“కూరలో ఉప్పెయ్యడానికి నువ్వు నన్నడుగుతున్నావా?” చొక్కా తొడుక్కుంటూ నవ్వాడు.

సోఫాలోంచి అత్త అందుకుంది. “మొగుడూ పెళ్లాలకి రెండు మాటలెందుకే తల్లీ. వాడు గెలిస్తే నువ్వు గెలిచినట్టే.”

ఆమెది బట్టల కొట్టు పుట్టిల్లు. అరువిచ్చిన సరుకు మనదేనమ్మా, అడగడం మానేసిన రోజే పరాయిదవుతుంది, అనేవాడు నాన్న. ఆమె రెండు వైపులా తూచింది. భర్త గెలుస్తున్న తేడా తన బరువుకన్నా తక్కువే. అంటే అతని పెద్దరికం అడుగున ఉన్న రాయి తనే. లాగేస్తే అతను పడతాడు, ఎవరు లాగారో ఊరందరికీ తెలుస్తుంది. ఆ తర్వాత ఈ ఇంట్లో ధడాలున పడే తలుపులు, అత్త మూతి విరుపులు, భర్త మౌనం, అన్నీ తనే మొయ్యాలి. లాగకపోతే? రేపు ఆ నర్సు ఫోను ఎత్తగలదా?

పక్క గదిలో మీటింగు మొదలైంది. అతని గొంతు ధీమాగా వినిపిస్తోంది. “మా ఆవిడే కాపలాదారండీ. ఆవిడ ఓటు కూడా మార్పుకే పడింది. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?”

అక్కడితో తూకం తెగింది.

‘అప్పగింత రద్దు’ నొక్కింది. రహస్య సంకేతం అడిగింది. ఇంట్లో అన్ని పాస్‌వర్డులూ తెలిసిన భర్తకు అదొక్కటి తెలియదు. అవసరం పడలేదు మరి. వాడి ఏళ్లయింది, రెండుసార్లు తప్పు కొట్టింది. మూడోసారి తెరుచుకుంది. ఓటు వెనక్కి తీసుకుని, వద్దు అనే వైపు వేసింది.

పక్క గదిలో మాట సగంలో ఆగింది. కాసేపటికి అతను గుమ్మంలోకొచ్చాడు. మెడ దగ్గర కత్తిలాంటి మడత, నడుము దగ్గర నలిగిన గుడ్డ.

“ఏదో ఎర్రర్ వచ్చినట్టుంది. నీ ఓటు అటు పడినట్టు చూపిస్తోంది. ఒకసారి చూడు, త్వరగా.”

ఆమె ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకింది.

“ఎర్రర్ కాదండీ. నేను.”