కనిపించాల్సింది దారి

తడి బట్టలు దులిపి ఆరేస్తుంటే మా ఆయన కుర్చీలోంచే నవ్వారు. "వదినా నువ్వూ కలిసి జీపీఎస్ కొనడానికా? ముందు ఆ షాపుకి దారి కనుక్కోండి."

ఆయన వదిన నాకు తోడికోడలు. అక్కా అని పిలుస్తాను. పశువుల డాక్టరు. కొండల్లోని ఊళ్ళకు మోటార్‌సైకిల్ మీద ఒక్కతే వెళ్ళివస్తుంది. పోయిన నెల పొగమంచులో దారి తప్పింది. ఫోన్లో సిగ్నల్ లేదు. ఈనలేక అవస్థపడుతున్న ఆవు దగ్గరికి చేరేసరికే దాని ప్రాణం పోయింది. "డాక్టరమ్మ తప్పిపోయిందట!" అని భోజనాల దగ్గర అందరూ నవ్వారు. అక్క సగంలో లేచిపోయింది. ఆ పళ్ళెం తీసింది నేనే.

షాపతను మా వెనక్కి తొంగిచూశాడు. "సార్ బండి పార్క్ చేస్తున్నారా?"

"సార్ లేరు. బండి నాది" అంది అక్క.

అతను సన్నగా, నున్నగా మెరిసేదొకటి తీశాడు. "లేడీస్ ఇదే తీసుకుంటారు మేడమ్. చూడ్డానికి బావుంటుంది."

అక్క సంచిలోంచి బండి గ్లోవ్స్ తీసి తొడుక్కుంది. తెర మీద వేలితో నొక్కింది. ఉలుకూ పలుకూ లేదు. దాన్ని పట్టుకుని ఎండలోకి నడిచింది. వెనకాలే అతను, అతని వెనకాల నేను.

"ఇందులో నా మొహం కనిపిస్తోంది బాబూ. నాకు దారి కనిపించాలి."

నవ్వాపుకోలేకపోయాను. చివరికి పెద్ద పెద్ద బటన్లతో మోటుగా ఉన్నదొకటి ఎంచుకుంది. గ్లోవ్స్‌తోనే నొక్కి చూసింది. బ్యాటరీ తీసి, పెట్టి చూసింది. "నీళ్ళకు పాడవదన్నారుగా" అంటూ సీసాలోని నీళ్ళు దాని మీద ధారగా పోసేసింది. అతను "అయ్యో మేడమ్" అంటూనే ఉన్నాడు, తెర వెలుగుతూనే ఉంది.

కళ్ళప్పగించి చూశాను. ఏ వస్తువైనా నాకు పనికొస్తుందా అని నేనెప్పుడైనా ఇలా నిలబడి అడిగానా? మిక్సీ కొన్నా, దాని చప్పుడు అత్తయ్యకు పడుతుందా, రంగు ఆయనకు నచ్చుతుందా అన్నదే నా దిగులు. కారులో ఎక్కడికెళ్ళినా మలుపులు గుర్తుపెట్టుకునేది నేను. దారి తప్పితే "నీ మాట విన్నాను చూడు" అనిపించుకునేదీ నేనే.

బండి దగ్గర అక్క ఆ పరికరం నా చేతిలో పెట్టింది. "ఏదో ఒక చోటు కొట్టు, చూద్దాం."

నా వేలు ఆగిపోయింది. పిల్లల బడి, ఆయన ఆఫీసు, అత్తయ్య వెళ్ళే ఆసుపత్రి. గుర్తొచ్చినవన్నీ ఎవరి కోసమో వెళ్ళే చోట్లే. అక్క తొందరపెట్టలేదు. బండికి ఆనుకుని నిలబడింది. చదువుకునే రోజుల్లో స్నేహితురాలు చూసొచ్చి, వారం పాటు చెప్పిన సరస్సు ఒకటి అప్పుడు గుర్తొచ్చింది. దాని పేరు కొట్టాను. కొండల మధ్య మెలికలు తిరుగుతూ ఒక గీత సాగింది.

"అక్కా, నాకు క్లచ్ పట్టడం నేర్పిస్తావా?"

"ఇన్నాళ్ళకు అడిగావా! ఆదివారం పొద్దున్నే వచ్చెయ్."

సాయంత్రం టీ ఇస్తూ ఆయనకు చెప్పాను.

"బండి నేర్చుకుని ఎక్కడికెళ్తావు?"

"సరస్సు చూడ్డానికి."

"ఓస్, అంతేనా! సెలవు దొరకనీ, నేనే తీసుకెళ్తా."

ఆ మాట ఆయన ప్రేమగానే అన్నారు. నేనూ ప్రేమగానే చెప్పాను.

"మీరు రావద్దు."