కలిసి లేవాల్సిన బెంచీ

పొద్దున్నే రీడింగ్ హాల్ తలుపు తీయగానే అందరూ పరిగెత్తేది ఫ్యాన్ కింద సీట్ల కోసం. కిటికీ పక్కనున్న పొడుగు టేకు బెంచీ కోసం మాత్రం ఎవరూ పరిగెత్తరు. దాని మీద కూర్చోవాలంటే తోడు కావాలి. ఒంటరిగా కూర్చుంటే అది ఉత్త చెక్క. పక్కన ఇంకొకరు కూర్చుంటే ఒకరి చదువు ఇంకొకరికి వెళ్తుంది.

ఇందులో ఎవరికీ వింతేమీ లేదు. ఆ యూనివర్సిటీలో చేరిన మొదటి వారంలోనే క్యాంటీన్ ఎక్కడో, జెరాక్స్ ఎక్కడో చెప్పినట్టే సీనియర్లు ఈ బెంచీ సంగతి కూడా చెప్పేస్తారు. కొండ కింద సముద్రంలో ఆటుపోటు ఉన్నట్టే, చదువు అటు వెళ్తుంది, ఇటు వస్తుంది. అటు వెళ్ళినంతసేపూ మీ బుర్ర తేలిగ్గా, ఖాళీగా ఉంటుంది, కంగారు పడకూడదు. పుస్తకాలు మూసి టీ చల్లారేంతసేపు ఊరికే కూర్చుంటే ఎవరిది వాళ్ళకి వచ్చేస్తుంది. రెండోవాళ్ళ దాంట్లోంచి కాస్త మరక మాత్రం మిగులుతుంది, ఆ మరకే లాభం. అప్పుడు "లేద్దామా?" అని అడిగి ఇద్దరూ ఒక్కసారే లేవాలి. తొందరపడి ఒకరు లేచారా, వానాకాలంలో గొడుగులు మారిపోయినట్టు చదువులు మారిపోతాయి. మారినా కొంప మునిగేదేం లేదు, మర్నాడు వచ్చి మళ్ళీ కూర్చుంటే సరి. లా చదివే అబ్బాయొకడు బస్సు కోసం మధ్యలో లేచి పరిగెత్తి, మర్నాడు క్లాసులో పెట్టిన ఉత్తుత్తి కోర్టులో జడ్జి పాత్ర వేసిన మేడమ్ ముందు కప్ప గుండెకి ఎన్ని గదులో వాదించాడని ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు.

ఎవాంజలిన్‌కి నిజానికి ఆ బెంచీతో అవసరం లేదు. స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ అయిపోయింది, యూనివర్సిటీకే ఫస్టు. కలకత్తాలో ఒక పెద్ద సంస్థలో పీహెచ్‌డీ సీటుకి రాతపరీక్ష గట్టెక్కింది. ఇంటర్వ్యూ ఒక్కటే మిగిలింది. పోర్టులో క్రేన్ నడిపి రిటైరైన వాళ్ళ నాన్న యేసుదానం ప్రతి ఆదివారం చర్చిలో ఆ ఇంటర్వ్యూ కోసం ప్రార్థన చేయిస్తున్నాడు. స్టాటిస్టిక్స్ అంటే ఏమిటో తెలియకపోయినా సంఘమంతా ఆమెన్ మాత్రం గట్టిగానే అంటోంది.

ఆమె అక్కడ కూర్చునేది సన్యాసిరాజు కోసం. ఆనందపురం అవతల పల్లెలో రైతుబిడ్డ, ప్రాచీన చరిత్రలో ఎమ్మే. రాతి మీద సగం అరిగిన అక్షరం చూపిస్తే ఏ కాలానిదో చెప్పేస్తాడు. కానీ ఆ సిలబస్‌లో ఎవరో మహానుభావుడు ఇరికించిన స్టాటిస్టిక్స్ పేపరు దగ్గర మాత్రం ప్రతిసారీ చతికిలబడతాడు. అది గట్టెక్కకపోతే పట్టా రాదు.

"నీకేటి కలిసొత్తాదని రోజూ నా పక్కన కూసుంటన్నావ్ ఎవా?" అని అడిగాడొకసారి.

"నీ శాసనాలు బావుంటన్నాయ్ రాజూ. ఎవరో గుడికి ఆవుల్నిచ్చి, వాటి పాలు ఎవరు తాగాలో కూడా రాతి మీద చెక్కించీసారు చూడు! మా పుస్తకాల్లో ఇలాంటి మనుషులు ఉండరు."

ఆ ఏడాదే యూనివర్సిటీ పెద్దలకి ఒక సంగతి తట్టింది. మన విద్యార్థులు ఒకరితో ఒకరు కలవడం లేదు, ఫిజిక్సు వాళ్ళు ఫిజిక్సులోనే, తెలుగు వాళ్ళు తెలుగులోనే మగ్గిపోతున్నారు, వీళ్ళని కలపాలి. కలపడానికి ఒక కమిటీ వేశారు. కమిటీ నాలుగు ఊళ్ళు తిరిగొచ్చి, పాత రీడింగ్ హాల్ తీసేసి 'లెర్నింగ్ కామన్స్' కట్టాలని తేల్చింది. ఎటు కావాలంటే అటు జరిగే చక్రాల కాళ్ళ కుర్చీలు, మాట్లాడుకోవడానికి గాజు గదులు, ప్రతి టేబుల్‌కీ చార్జింగ్. కమిటీ కన్వీనర్ ప్రొఫెసర్ గురునాథరావు మంచివాడు. కుర్రతనంలో ఆ బెంచీ మీదే కూర్చుని ఫిజిక్సుతో పాటు కాస్త సంస్కృతం అంటించుకున్నవాడు కూడా.

"అందర్నీ కలపడానికే కదా సార్ ఇదంతా. ఆ బెంచీ ఉంచేయండి," అని ఎవాంజలిన్ వెళ్ళి అడిగింది.

"నేను అడగలేదనుకున్నావా అమ్మా? డిజైనర్ డ్రాయింగ్‌లో అది లేదు. డ్రాయింగ్ మారిస్తే టెండర్ మారాలి. టెండర్ మారితే గ్రాంటు వెనక్కి పోతుంది." ఆయన కళ్ళజోడు తీసి పంచెకొంగు లేక చొక్కాకే తుడుచుకున్నాడు. "అయినా దాని మీద పట్టేది ఎంతమంది? ఇక్కడ హాలంతా కలవాలి. నేను సంతకం పెట్టకపోతే నా తర్వాతవాడు పెడతాడు."

ఆయన చెప్పిన ఒక్కొక్క మాటా నిజమే. అందుకే ఎవరూ ఏమీ చెయ్యలేకపోయారు.

వేసవి సెలవులిచ్చిన రోజు మధ్యాహ్నం, సగం ఖాళీ అయిన హాల్లో వాళ్ళిద్దరూ బెంచీ మీదున్నారు. సన్యాసిరాజు మొట్టమొదటిసారి ఒక పెద్ద లెక్కని ఎక్కడా ఆగకుండా చేసుకుపోతున్నాడు. ఆమె చదువు దాదాపు మొత్తం అటే ఉంది. ఎవాంజలిన్ ఒక శాసనం నకలు ముందు పెట్టుకుని పెదాలు కదుపుతూ చదువుతోంది. అప్పుడొచ్చాడు కాంట్రాక్టరు మేస్త్రీ పైడయ్య, వెనక మనుషులతో.

"అమ్మా, బాబూ, హాలు కాళీ సెయ్యాలండి."

"మేస్త్రీ గారూ, కాసేపాగండి. నా చదువింకా తిరిగి రాలేదు."

పైడయ్యకి అర్థమైంది. ఈ ఊరివాడే కదా, ఆ బెంచీ సంగతి తెలియకపోవడమేమిటి. "లెగకండమ్మా! మీరు లెగొద్దు. లారీ ఎల్లిపోద్దని డ్రైవరు తొందరెడతన్నాడు గానీ, మిమ్మల్ని లేపితే పాపం నాకు," అని మనుషుల్ని పిలిచాడు. వాళ్ళు బెంచీని ఇద్దరితో సహా పైకెత్తారు. ఎవాంజలిన్ నవ్వు ఆపుకోలేక బెంచీ అంచు పట్టుకుంది. తీరా గుమ్మం దగ్గరికి తీసుకెళ్తే అది ఎటు తిప్పినా దాటలేదు. హాలు కట్టినప్పుడు లోపలే తయారు చేసినట్టున్నారు.

"మద్దెకి కోసేత్తే పోద్ది," అన్నాడు వడ్రంగి నూకాలు.

"మరి ఈలో?" అన్నాడు పైడయ్య, బెంచీ మీదున్న ఇద్దర్నీ చూపించి.

"కూసోనీ బావా. ఆలు లెగకుండా ఉంటే సాలు గదా. మద్దిలోంచి కోసుకుంటాను, దెబ్బ తగలనీను."

అది అందరికీ న్యాయంగానే తోచింది. ఆ ఇద్దరికీ కూడా. ముందుగా లేవకూడదన్నది అందరికీ తెలిసిన నియమం. కొయ్యకూడదని మాత్రం ఎవరూ ఎవరికీ చెప్పలేదు, అంతవరకూ ఆ అవసరం ఎవరికీ రాలేదు కాబట్టి. నూకాలు కరెంటు రంపం తెచ్చి, వాళ్ళిద్దరి మధ్యా గీత గీసుకుని, ఎంతో జాగ్రత్తగా కోశాడు. ఆఖరి అంగుళం తెగగానే బెంచీ చెరో పక్కకీ ఒరిగింది, ఇద్దరూ నేలమీద పడ్డారు.

"ఒచ్చిందా ఎవా?"

ఆమె కాసేపు కళ్ళు మూసుకుంది. "లేదు."

సన్యాసిరాజు చేతిలో కాగితం చూసుకున్నాడు. లెక్క పూర్తయింది, జవాబు సరైనదే. సరైనదేనని తెలిసినందుకు అతనికి ఏడుపొచ్చింది. పైడయ్య తలగుడ్డ తీసి చేతుల్లో నలుపుతూ, "మంచికే సేసేం తల్లీ," అంటూ అక్కడే నిలబడిపోయాడు. బయట లారీ హారన్ కొడుతూనే ఉంది.

ఆ తర్వాత ఇద్దరూ బెంచీ ముక్కల కోసం ఊరంతా వెతికారు. ఒక సగం ఎవరి పొయ్యిలోకో పోయిందన్నారు. రెండో సగం ఫిషింగ్ హార్బర్‌లో, వేలం షెడ్డు పక్కన ఐసు టబ్బుల కింద దొరికింది. దాని మీద చేపలు పెట్టుకున్న అసిరమ్మ విషయం విని టబ్బులు దింపి చోటిచ్చింది. ఎండెక్కేదాకా కూర్చున్నారు.

"సగం ముక్కకి ఏటొత్తాది బాబూ. తడి తప్ప ఏటీ అంటుకోదు," అంది అసిరమ్మ జాలిగా.

అంటుకోలేదు. మళ్ళీ మొదటినుంచి చదువుకుందామని ఎవాంజలిన్ ఇంట్లో పుస్తకాలు తీసింది. తన చేతిరాతతో మార్జిన్లలో రాసుకున్నవే తనకి బోధపడలేదు. ఒక పేజీ పట్టుబట్టి నేర్చుకుంటే మర్నాటికి జారిపోయేది. ఆ చోట్లో అప్పటికే ఆవులూ, దీపాలూ, దానాలూ కూర్చున్నాయి. ఆదివారం చర్చిలో తన పేరు చెప్పి ప్రార్థన చేస్తుంటే తల వంచుకుని వినేది. ఆపమని నాన్నకి చెప్పడానికి నోరు రాలేదు.

సన్యాసిరాజు పేపరు గట్టెక్కాడు. ఆ పేపర్లో అన్ని మార్కులు అంతవరకూ ఎవరికీ రాలేదట. పార్టీ ఏదిరా అని స్నేహితులు పట్టుకుంటే ముఖం చాటేశాడు.

కొత్త హాలు తెరిచారు. అందంగా ఉంది, కాదనడానికి లేదు. వాళ్ళిద్దరూ వెళ్ళి కుర్చీలు దగ్గరికి లాక్కుని, మోకాలికి మోకాలు ఆనించి కూర్చున్నారు. గోడ పక్క సోఫాలో కూర్చున్నారు. మెట్ల సీట్ల మీద కూర్చున్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఎవరి లాప్‌టాప్ వాళ్ళు చూసుకుంటున్నారు. అంతలో కమిటీ ఫోటోగ్రాఫర్ వచ్చి, "స్టాటిస్టిక్స్, హిస్టరీ! మాకు కావల్సింది ఇదే, కాస్త నవ్వండి," అన్నాడు. నవ్వారు. ఆ ఫోటో పెద్దది చేసి గుమ్మం ఎదురుగా గోడకి పెట్టారు. గురునాథరావు రోజూ దాని ముందునుంచి తల తిప్పుకుని వెళ్ళేవాడు.

ఇంటర్వ్యూ ఆన్‌లైన్‌లో. ఇంట్లో నెట్ నిలవదని ఎవాంజలిన్ ఆ హాల్లోనే ఒక గాజు గది తీసుకుంది. మానేద్దామంటే ఇంట్లో అమ్మ ఉపవాసం ఉంది. బయట సన్యాసిరాజు నిలబడ్డాడు. గాజులోంచి స్క్రీన్ కనిపిస్తోంది గానీ లోపలి మాట బయటికి రాదు, బయటి మాట లోపలికి పోదు. డబ్బు పోసి అలా కట్టించారు మరి.

స్క్రీన్ మీద పెద్దాయన మర్యాదస్తుడు. బెరుకు పోవాలని తేలిక ప్రశ్నతో మొదలుపెట్టాడు. స్టాండర్డ్ డీవియేషన్ అంటే ఏమిటో చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పమన్నాడు. ఆ ప్రశ్న స్క్రీన్ కింద అక్షరాల్లో కూడా పడింది. సన్యాసిరాజు గబగబా గాజు దగ్గరికొచ్చాడు. జవాబు తెలుసు. దాని ముందుదీ, తర్వాతదీ కూడా తెలుసు. పెదాలు కదుపుతూ, చేతులు తిప్పుతూ గాజుకి అవతల ఊగిపోయాడు. ఎవాంజలిన్ ఒక్కసారి అతని వైపు చూసింది. అతని పెదాల మీదున్నది తనదే. అయినా కాళ్ళతో నేలని తన్ని కుర్చీని పక్కకి తిప్పేసుకుంది.

"ఒకప్పుడు తెలుసు సార్," అంది. "ఇప్పుడు నా దగ్గర లేదు."

ఆయన పాపం ఇంకో రెండు అడిగి చూసి, శుభాకాంక్షలు చెప్పి ముగించాడు.

ఇప్పుడు సన్యాసిరాజు ద్వారకా నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో స్టాటిస్టిక్స్ చెప్తున్నాడు. స్టాటిస్టిక్స్‌లో పీహెచ్‌డీకి వెళ్ళమని అందరూ సలహా ఇచ్చారు గానీ, చరిత్ర పట్టాతో ఆ గుమ్మం ఎవరూ ఎక్కనివ్వలేదు. ఎవాంజలిన్ ఒక మ్యూజియంలో శాసనాల నకళ్ళు చదివి రాసే పనిలో ఉంది. బాగా చదువుతుందని పేరొచ్చింది. ఆ పొగడ్త విన్నప్పుడల్లా ఆమెకి ఎరువు తెచ్చుకున్న చీర కట్టుకుని పెళ్ళికి వెళ్ళినట్టుంటుంది.

కొన్ని సాయంత్రాలు ఆమె ద్వారకా నగర్ వెళ్ళి ఆ క్లాసులో వెనక వరసలో కూర్చుంటుంది. ఎందుకని అతను అడగడు, ఆమె చెప్పదు.

నిన్న మంగళవారం కూడా వెళ్ళింది. సన్యాసిరాజు బోర్డు మీద చుక్కలు పెడుతున్నాడు. "క్రేనెక్కి సూత్తే, బయట లంగరేసిన ఓడలన్నీ ఒక్క సోటే ఉండవు. కొన్ని దగ్గర, కొన్ని దూరం. ఎంత సెదిరి ఉన్నాయో కొలవాలి. అంతే, ఇందులో బెదిరిపోడానికి ఏటీ నేదు." అని చాక్‌పీసు చివర్న చూపుడువేలితో రెండుసార్లు తట్టాడు. సన్యాసిరాజు జన్మలో క్రేన్ ఎక్కలేదు. చిన్నప్పుడు ఆమెని భుజాన వేసుకుని క్రేన్ క్యాబిన్‌లోకి ఎక్కించి ఓడలు చూపించింది నాన్న. నాన్న గొంతు గుర్తుంది, తల మీద పెట్టిన చెయ్యి గుర్తుంది. ఓడల్లో లెక్కేమిటన్నది మాత్రం గుర్తులేదు. ఆమెకి కళ్ళనీళ్ళు ఆగలేదు.

"అర్తమైందా?"

అయిందన్నారు అందరూ.

"అర్తం కానోలు సెయ్యెత్తండి. సిగ్గేటి నేదు."

ఎవాంజలిన్ చెయ్యెత్తింది. ముందు వరసల్లో పిల్లలు వెనక్కి తిరిగి చూశారు. సన్యాసిరాజు బోర్డు వైపు తిరిగాడు. డస్టర్ తీసుకుని ఓడలన్నీ చెరిపేశాడు.

"మల్లీ మొదట్నించీ సెప్తాను," అన్నాడు ఆమె వైపు తిరిగి.