వాగుకు అటువైపు సుత్తి

మా జియాలజీ మేడం పెట్టిన నియమం ఒక్కటే: కొండ దగ్గర నేనూ వదినా ఒకరి కంటికి ఒకరు కనబడుతూ ఉండాలి. మేము దాన్ని వెళ్లిన మర్నాడే మార్చేశాము. కనబడక్కర్లేదు, వినబడితే చాలు. ఒకరు సుత్తితో బండ మీద రెండు దెబ్బలు కొడితే, రెండోవారు తిరిగి రెండు కొట్టాలి. క్షేమంగా ఉన్నామని అర్థం.

మార్చింది నేనే, దాపరికమెందుకు? వదినను పక్కన పెట్టుకుని పనిచేస్తే తెల్లారినట్టే. మా మేనమామ కూతురు, నాకంటే నెలలే పెద్ద, ఇద్దరిదీ ఒకే క్లాసు. ఆ కొండలో ఏ రాయి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో మేమే చూసి మ్యాపు గీయాలి. ఈవిడేమో ప్రతి రాయినీ భూతద్దం పెట్టి చూస్తూ కూర్చుంటుంది.

"ఆ రాయితో కాపురం పెడతావా ఏంటి వదినా? కాస్త కానీ!"

"అబ్బా, నా ప్రాణం తియ్యకు. నువ్విటు చూసుకో, నేనటు పోతా," అని వాగు దాటి కొండచరియ కిందికి వెళ్లిపోయింది. మలుపు తిరగగానే కనబడకుండా పోయింది. పీడా వదిలిందనుకున్నాను.

మధ్యాహ్నం మేడం ఫోన్ చేశారు. "మీ వదిన పక్కనే ఉందా?"

"ఆ, ఉంది మేడం. సుత్తి చప్పుడు వినబడటంలా?"

అటువైపు నుంచి టంగుటంగుమని నిజంగానే వినబడుతోంది. మేడం కూడా విని, జాగ్రత్త అని పెట్టేశారు. నేనూ నా బండ మీద రెండు దెబ్బలు కొట్టి, పనిలో పడ్డాను.

చప్పుడు ఆగలేదు. ఈరోజు వదినకు హుషారెక్కువైందని మొదట నవ్వుకున్నాను. కానీ ఎంతసేపటికీ అదే వరస. వదిన అన్నిసార్లు ఆపకుండా సుత్తి కొట్టడం నేనెప్పుడూ వినలేదు. గొంతు చించుకుని పిలిచాను. జవాబు లేదు. బూట్లతోనే వాగులో దిగి పరుగెత్తాను.

మలుపు అవతల, చరియకు చాలా దూరంలో, ఎవరో ఒకాయన ఒంటరిగా రాళ్లు కొడుతున్నాడు. ఇంతసేపూ నేను విన్న చప్పుడు ఈయనదే.

"అన్నా, ఇటు ఒక అమ్మాయి వచ్చిందా?"

"నేనెవర్నీ చూళ్లేదమ్మా," అన్నాడు. నా మొహం చూసి ఇంకేమీ అడక్కుండా గడ్డపార పట్టుకుని వెంట వచ్చాడు.

చరియ అడుగున వదిన పడి ఉంది. పైనుంచి జారిన బండ కాలి మీద కూర్చుంది. సుత్తీ, ఫోనున్న సంచీ గట్టు మీద, అందనంత దూరంలో ఉన్నాయి. పెదవులు తెల్లగా పాలిపోయాయి. ఆయన గడ్డపారతో బండ ఎత్తిపట్టాడు, నేను చంకల కింద చేతులేసి లాగాను. కాలు చూడలేకపోయాను. వదిన కనీసం మూలగలేదు, దానికే నాకు ఎక్కువ భయమేసింది. ఆయన బండి కోసం రోడ్డు వైపు పరుగెత్తాడు.

చున్నీ చింపి కాలికి చుట్టాను. ఆ భయమంతా నోట్లోంచి కోపంగా ఊడిపడింది.

"నోరు పడిపోయిందా నీకు? ఒక్క కేక వెయ్యలేకపోయావా?"

"వేశానే," అంది వదిన, కళ్లు మూసుకునే. "వెంటనే నువ్వు రెండు దెబ్బలు కొట్టావు. విన్నావు, వస్తున్నావనుకుని ఇంక అరవలేదు."