ఎర్ర తువ్వాలు

ఆమోసు పడవను మహలు మెట్లకు ఆనించి సుస్మితనూ సిద్ధార్థనూ దింపాడు. భుజం మీది ఎర్ర తువ్వాలు తీసి మెట్ల పక్కనున్న రాటకు కట్టాడు.

“ఇది ఉన్నంతసేపు లోపల మనుషులున్నట్టండి. నేను బజారు పని మీద పోతున్నా. సాయంత్రం మా కోడలు సువార్తమ్మ ఒడ్డు నుంచి దీన్ని చూసే పడవ తెస్తుంది. గుడ్డ లేకపోతే ఇటు రాదు. చీకటి పడితే పాములు మెట్లెక్కుతాయండి, జాగ్రత్త.”

హనుమాన్ జంక్షన్ దాటాక, చేపల చెరువుల అవతల ఉంది ఆ సరస్సు. దాని నడుమ ఎవరూ కాపురముండని జమీందారీ మహలు. కింది గదుల్లో కిటికీల దాకా నీళ్లే.

సుస్మిత వచ్చింది ఒక్క మాట చెప్పడానికి. సిద్ధార్థతో పెళ్లి తనకిష్టం లేదని. ‘ఆఖరిసారి ఆ మహలు చూసొద్దాం, తర్వాత నీ జోలికి రాను’ అని అతను బతిమాలితే, గొడవెందుకని అతను పంపిన తెల్ల డ్రెస్సు, ఎర్ర చున్నీ కూడా వేసుకుంది.

దర్బారు హాల్లో ఆ మాట చెప్పేసింది. సిద్ధార్థ నవ్వాడు. “సరేలే. పైకి పద, వ్యూ బాగుంటుంది.”

ఆమె మేడ మీదికెళ్లి ఫొటోలు తీసుకుంది. అతను కాసేపటికి వచ్చాడు. పొద్దు వాలుతుండగా కిందికి చూసిందామె. రాట బోడిగా ఉంది.

“అయ్యో, తువ్వాలు ఎగిరిపోయింది!”

సిద్ధార్థ బ్యాగులోంచి ఆ ఎర్ర తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. “ఎగరలేదు. నేనే తీశా.”

“ఎందుకు?”

“రాత్రంతా మనిద్దరం ఇక్కడే ఉన్నామని రేపు బెజవాడంతా తెలుస్తుంది. అప్పుడు మీ నాన్నే వచ్చి ముహూర్తం పెట్టమంటాడు. చూస్తావా?” ఆమె చేతిలోంచి ఫోన్ లాక్కుని జేబులో వేసుకున్నాడు. “సిగ్నల్ లేదులే. ఈదడం కూడా రాదుగా నీకు.”

సుస్మిత మెట్ల వైపు చూసింది. కింద నీళ్లు గోడను నాకుతున్న చప్పుడు.

“మొహం కడుక్కొస్తా,” అంది.

“వెళ్లు. ఎక్కడికి పోతావ్?” అతను రాతి అరుగు మీద వెల్లకిలా పడుకున్నాడు.

కిందికి దిగి, మేడమెట్ల తలుపు చప్పుడు కాకుండా మూసి గడియ పెట్టింది. చున్నీ తీసి రాటకు కట్టింది. ముడి సరిగ్గా పడలేదు. మళ్లీ కట్టింది. గాలి దాన్ని సాగదీసి ఎగరేసింది.

ఒడ్డున ఒక నలక కదిలింది. గెడ వేసుకుంటూ సువార్తమ్మ వచ్చేసరికి నీళ్లు నల్లబడ్డాయి. లోపల మేడమెట్ల తలుపు దబదబమంది.

“ఒక్కరే వచ్చారామ్మా? మావయ్య ఎంతమందని చెప్పలేదు,” అంది సువార్తమ్మ.

“సుస్మితా!” గోడల మందంలో అరుపు సగం చచ్చిపోయింది.

“ఎవరో పిలిచినట్టుందే?”

సుస్మిత చున్నీ ముడి విప్పింది. తడి మెట్టు మీద ఏదో మెరుస్తూ నెమ్మదిగా పైకి పాకుతోంది.

“పక్షులేమోనండి,” అంటూ పడవలో కూర్చుంది. “లోపల ఎవరూ లేరు.”